పార కూలి, తట్ట కూలి

నేను ఒక ఇనుప తట్టని. రోజూ సాయంత్రం నన్ను కడుగుతారు. కడగడమంటే మీ ఇంట్లో గిన్నెలు కడిగినట్టు కాదు. సిమెంటు ఆరిందంటే రాయి. అందుకని పని దిగి ఇంటికి రాగానే, తన కాళ్ళు కూడా కడుక్కోకుండా, తవిటమ్మ నన్ను వీధి కొళాయి దగ్గర బోర్లించి ముందు ఇటుక ముక్కతో గీకుతుంది. తర్వాత కొబ్బరి పీచుతో తోముతుంది. నా అంచు మడతలో ఇరుక్కున్నదాన్ని మేకుతో తీస్తుంది. గీకకుండా వదిలేస్తే రోజురోజుకీ నా బరువు పెరుగుతుంది. మోసేది తనే కదా.

ఒక సాయంత్రం ఆమె మేకు పట్టుకుని ఆ పనిలో ఉండగా, భర్త గవరయ్య వచ్చి పక్కన చప్టా మీద కూర్చుని, తన కూలి డబ్బు ఆమె ఒళ్ళో వేశాడు. అతని ఎడమ భుజానికి గుడ్డ కట్టు ఉంది. ముందురోజు సాయంత్రం సిమెంటు బస్తా దించుతుంటే భుజం పట్టేసింది. పార ఎత్తలేక, ఈరోజంతా తట్టలు మోసే కూలీల వరసలో నిలబడి ఖాళీ తట్టలు వెనక్కి అందించాడు. ఆ పని మామూలుగా ముసలమ్మలకి ఇస్తారు.

"ఏటిది, తొమ్మిదొందలా?" అంది తవిటమ్మ, తడి వేళ్ళతో నోట్లు విడదీసి.

"ఆఁ."

"నువ్వు పార పట్టనేదు గదా."

"భుజం లెగవట్నేదు, ఎలాగ పడతాను?"

"మరి తొమ్మిదొందలేటి? ఖాళీ తట్టలందించినోడికి తొమ్మిదొందలు, నిండు తట్టలు మోసినదానికి ఏడొందలునా?"

"నానడగనేదే. మేస్త్రే ఇచ్చినాడు."

"నానూ అడగనేదు. నాకేడొందలే ఇచ్చినాడు."

గవరయ్య కట్టు సర్దుకుని, "టీ ఎట్టు" అన్నాడు. మాట తోచనప్పుడు మగవాళ్ళకు టీ తాగాలనిపిస్తుందని నేనున్న ఇళ్ళన్నిటిలోనూ గమనించాను. తవిటమ్మ నన్ను గోడకు ఆనించి లోపలికి వెళ్ళింది. టీ పెట్టింది. కానీ ఆ మాట అక్కడితో వదల్లేదు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను ఒక రేకుల కర్మాగారంలో పుట్టాను. గుండ్రంగా కోసిన రేకును ఒక యంత్రం ఒక్క దెబ్బకు లోతుగా నొక్కుతుంది, ఇంకొకటి అంచు మడుస్తుంది. అంతే, నా బాల్యం ముగిసింది. నాతోపాటు ఆ రోజు కొన్ని వందల తట్టలు పుట్టాయి. అందరిదీ ఒకే కొలత, ఒకే బరువు. మాలో ఆడ తట్ట, మగ తట్ట అని లేవు. ఆ యంత్రానికి అంత తెలివి లేదు.

నన్ను మొదట కొన్నది ఒక పోస్టుమాన్. ఇంటి చుట్టూ ప్రహరీ కట్టించడానికి కొన్నాడు. గోడ పూర్తయ్యాక నన్ను ఆయన భార్య తీసుకుంది. పగలు కోడిపిల్లల మీద బోర్లించేది, సాయంత్రం మేకకు కుడితి పోసేది, మధ్యలో పేడ ఎత్తేది. ఆ ఇంట్లో ఆమె తెల్లవారుజాము నుంచి చేసే పనికి కూలి అనేదే లేదు కాబట్టి, తేడా అనే మాట కూడా రాలేదు. కొన్నేళ్ళకు మేకను అమ్మేసి, నన్ను పాత ఇనప సామాన్ల బండికి వేసి ఉల్లిపాయలు తీసుకున్నారు. మూడు కిలోలు వచ్చాయని సంతోషించారు.

పాత సామాన్ల దుకాణంలో తవిటమ్మ నన్ను చూసింది. వేలి కణుపుతో కొట్టి విన్నది. చిల్లులున్నాయేమోనని ఎండకేసి ఎత్తి చూసింది. నూట ఇరవై చెప్పినవాడి దగ్గర ఎనభైకి తీసుకుంది. అప్పటి నుంచి ఆమె నడుం మీద ఉన్నాను.

తవిటమ్మ, గవరయ్య శ్రీకాకుళం వైపు పల్లెటూరివాళ్ళు. విశాఖ శివారులో ఒక గది అద్దెకు తీసుకుని భవనాల పనికి వెళ్తారు. అక్కడ నాలుగు రోడ్లు కలిసే చోట అడ్డా ఉంది. పొద్దున్న ఆరున్నరకల్లా కూలీలు వచ్చి నిలబడతారు. మగవాళ్ళ భుజం మీద పార, ఆడవాళ్ళ నడుం మీద తట్ట. ఎవరు ఏ పనికి వచ్చారో అడగక్కర్లేదు. మేస్త్రులు వస్తారు, పారలు ఎన్ని, తట్టలు ఎన్ని అని ఏరుకుంటారు. మనుషులను కాదు, మమ్మల్ని పిలిచినట్టే ఉంటుంది.

వీళ్ళిద్దరినీ ఎక్కువగా పిలిచేది అసిరినాయుడు మేస్త్రి. ఆయన ఒక మాట తరచూ చెబుతుంటాడు. "నా కాడ ఆడా మగా తేడా నేదు. పనిముట్టుని బట్టి కూలి. పారకి తొమ్మిదొందలు, తట్టకి ఏడొందలు." వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఏ ఆడమనిషినీ పార పట్టనివ్వరన్న సంగతి ఒక్కటే ఆ మాటలో లేదు. ఎవరైనా ఆడమనిషి పారతో అడ్డాకు వస్తే, "మీ ఆయనది మోసుకొచ్చినావేటి?" అని నవ్వుతారు. తవిటమ్మకు పార కొత్త కాదు. ఊళ్ళో ఉపాధి హామీ పనికి వెళ్ళిన నాలుగేళ్ళూ చెరువులో పార పట్టే తవ్వింది. అక్కడ గొయ్యి కొలిచి డబ్బులిచ్చేవారు. తవ్విందెవరని గొయ్యిని ఎవరూ అడగలేదు.

స్లాబు వేసే రోజు నన్ను చూడాలి మీరు. కింద మిల్లరు తిరుగుతూ ఇసుక, కంకర, సిమెంటు కలుపుతుంది. దాన్ని మాలు అంటారు. ఇద్దరు మగవాళ్ళు పారలతో మాలు మా కడుపుల్లోకి ఎత్తుతారు. అక్కడి నుంచి పై దాకా మనుషుల వరస. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, ఆగకుండా. ఆడవాళ్ళు సరిపోనప్పుడు మధ్యలో మగవాళ్ళు కూడా నిలబడతారు. తవిటమ్మ చేతిలో నేను ఇరవై కిలోలు ఉంటే, ఆ పైమెట్టు మీద దాలమ్మ అనే ఇంకో ఆడమనిషి చేతిలోనూ ఇరవై కిలోలే. ఆ తర్వాత మగవాడి చేతిలోనూ అంతే. ఒక్క ముద్ద కూడా ఎక్కడా జారలేదని నేను ప్రమాణం చేయగలను. అయినా సాయంత్రానికి ఒకరి చేతిలో నేను తొమ్మిది వందల బరువు, ఇంకొకరి చేతిలో ఏడు వందల బరువు.

ఆ రెండు వందలు తవిటమ్మకు ఏమిటో మీకు తెలియాలి. నెలకు పాతిక రోజులు పని దొరికితే అది అయిదు వేలు. గది అద్దె, కరెంటు బిల్లు కలిపి సరిగ్గా అంతే.

మర్నాడు పొద్దున్న అడ్డాలో, అందరూ ఉండగానే, ఆమె మేస్త్రి ముందుకు వెళ్ళింది.

"మేస్త్రీ, మా ఆయనకి నిన్న తొమ్మిదొందలిచ్చినావు."

"ఇచ్చినాను. తక్కువైందేటి?"

"ఆయనకి తక్కువవనేదు. ఆయన తట్టలందించినాడు. నీ లెక్కన తట్టకి ఏడొందలు గదా?"

మేస్త్రి నవ్వాడు. "ఆడు పారోడమ్మా. దెబ్బ తగిలి తట్ట పట్టుకున్నాడంతే. పులి ఒకపూట గడ్డి తింటే మేకైపోద్దేటి?"

మగవాళ్ళందరూ గొల్లుమన్నారు. తవిటమ్మ పక్కన దాలమ్మ నిలబడి ఉంది. వరసలో ఎప్పుడూ తవిటమ్మ పై మెట్టు మీద ఉండే మనిషి, మాటలో కూడా ఎవరికీ కింది మెట్టు కాదు.

"గడ్డి తిన్నందుకు పులికి రెండొందలెక్కువేటి మేస్త్రీ?" అంది.

ఈసారి నవ్వింది ఆడవాళ్ళు. ఆ రోజంతా వరసలో గవరయ్యను "ఓ పులీ, తట్ట అందుకో" అని పిలిచారు. అతను ఇంటికొచ్చి, "నలుగుర్లో నన్ను నగుబాటు సేసినావు" అని తవిటమ్మ మీద అరిచి, అన్నం తినకుండా పడుకున్నాడు. తవిటమ్మ నన్ను గీకుతూనే ఉంది. అతన్ని పులి అన్నది మేస్త్రి. కోపం మాత్రం ఇంటికి వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఒక స్లాబు పడింది. ఇల్లు కట్టుకుంటున్నావిడ అంగన్‌వాడీ టీచరు, కస్తూరిగారు. పద్నాలుగు మంది కూలీలు, అందులో ఎనిమిది మంది ఆడవాళ్ళు. నడుచుకుంటూ వెళ్తుండగా దాలమ్మ ఒక ఉపాయం చెప్పింది.

"సగం పోసినాక సేతులు కట్టుకుని నిలబడిపోదుమప్పా. మాలు ఆగదు. మేస్త్రి మన కాళ్ళ మీద పడతాడు."

"వొద్దే," అంది తవిటమ్మ. "సగంలో ఆపితే అతుకు పడద్ది. వానొస్తే కారుద్ది. తడిసేది మేస్త్రి గాదు, ఆ టీచరమ్మ. కొబ్బరికాయ కొట్టకముందే అడుగుదుం."

అలాగే చేశారు. మిల్లరు వచ్చి నిలబడింది. ఎనిమిది మందీ మమ్మల్ని వరసగా నేల మీద బోర్లించి, మా మీద కూర్చున్నారు. నా జీవితంలో ఎన్నో మోశాను కానీ, పని చేయని తవిటమ్మను మోయడం అదే మొదటిసారి.

"లెగండి లెగండి, టైమైపోతంది," అని మేస్త్రి చప్పట్లు కొట్టాడు.

"తట్టకి తొమ్మిదొందలు. ఒప్పుకుంటే లెగుత్తాం," అంది తవిటమ్మ.

మేస్త్రి ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, తర్వాత బతిమాలాడు. మిల్లరుకు గంట లెక్కన అద్దె. ఈలోగా కస్తూరిగారు కొబ్బరికాయ, హారతి పళ్ళెం పట్టుకుని వచ్చి, కూర్చున్న ఆడవాళ్ళను చూసి ఆగిపోయారు.

"ఏమైంది మేస్త్రి?"

"ఏటీ నేదమ్మా. ఆడోల్ల గొడవ."

"మా గొడవే టీచరమ్మా," అంది దాలమ్మ. "మగోల్లకి తొమ్మిదొందలు, మాకేడొందలు. అందరం ఆ తట్టలే మొయ్యాల."

కస్తూరిగారు పళ్ళెం కిందపెట్టారు. "అదేమిటి? నా దగ్గర మనిషికి తొమ్మిది వందల చొప్పున పద్నాలుగు మందికీ లెక్కకట్టావు కదా మేస్త్రి. ఆడ కూలి వేరే అని నాతో అనలేదే?"

మిల్లరు నడిపేవాడు సన్నగా ఈల వేశాడు. అసిరినాయుడు మెడ తుడుచుకున్నాడు.

"పైకర్సులుంటాయి గదమ్మా."

"ఉంటే ఉంటాయి. అవన్నీ ఆడవాళ్ళ కూలిలోంచే ఎందుకు వస్తాయి?"

మేస్త్రి మిల్లరు వైపు చూశాడు. "సరే, ఇయ్యాలకి ఇత్తాను. లెగండి," అన్నాడు. కాయ కొట్టారు. మూడు గంటలకల్లా స్లాబు పూర్తయింది. సాయంత్రం ఎనిమిది మందికీ తొమ్మిదేసి వందలు అందాయి. మగవాళ్ళ కూలిలో ఒక్క రూపాయి తగ్గలేదు. అయినా వాళ్ళలో కొందరు ఏదో పోగొట్టుకున్నట్టు మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. పోయిందేమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

మేస్త్రి "ఇయ్యాలకి" అన్న మాట మర్నాడు అర్థమైంది. అడ్డాకు వచ్చి మగవాళ్ళను మాత్రమే ఏరుకున్నాడు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరినీ పిలవలేదు. ఆ మర్నాడూ అంతే. మిగిలిన మేస్త్రులకు సంగతి ముందే చేరింది. వాళ్ళు తవిటమ్మను చూసి, ఆమె పక్కన ఉన్నవాళ్ళను పిలిచారు. మా ఎనిమిది మందిలో ఇద్దరు ఏడు వందలకే వెళ్ళిపోయారు. వాళ్ళకు చంటిపిల్లలున్నారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. తొమ్మిది రోజుల్లో తవిటమ్మకు రెండు రోజులే పని దొరికింది, అదీ ఇళ్ళ ముందు ఇసుక ఎత్తే పని. మిగతా రోజులు నన్ను నడుం మీద పెట్టుకుని తొమ్మిదింటి దాకా నిలబడి, తిరిగి వచ్చేది. మెరుస్తున్న నన్నే మళ్ళీ తోమేది.

"ఏడొందలొచ్చేది. ఇప్పుడు సున్నా. సంతోసమా?" అన్నాడు గవరయ్య మూడో రోజు.

"సున్నా గాదు. టీచరమ్మ ఇంటికాడ తొమ్మిదొచ్చింది."

"ఒక్క రోజు!"

"ఒక్కరోజైనా ఇవ్వగలడని తెలిసింది గదా."

గవరయ్య భుజం బాగైంది. అతన్ని మేస్త్రి పిలుస్తూనే ఉన్నాడు. అయితే పని వేరుగా నడుస్తోందని అతని మాటల్ని బట్టి తెలిసింది. ఆడవాళ్ళు లేకపోతే తట్టలు ఎవరు పట్టుకోవాలి? మగవాళ్ళు మొదటిరోజే ఎదురు తిరిగారట. "తట్ట అట్టుకోమంటావేటి? మేం ఆడోల్లమా?" అన్నారట. చివరికి మేస్త్రి రోజుకు వెయ్యి ఇస్తానంటే ఒప్పుకున్నారు. ఆడవాళ్ళ చేతిలో ఏడు వందలకు మించి విలువ లేని తట్టకు, మగవాళ్ళ చేతిలో వెయ్యి పలికింది.

గవరయ్య కూడా వెయ్యి తెచ్చాడు. కానీ మూడు రోజులు నిండు తట్టలు అందుకుని, నాలుగో రోజు సాయంత్రం వచ్చి గచ్చు మీద బోర్లా పడుకున్నాడు. తవిటమ్మ అతని నడుముకు నూనె రాస్తోంది. అతను గచ్చుకేసి చూస్తూ అడిగాడు.

"ఈ తట్టలు దినమంతా ఎలాగ మోత్తన్నారే?"

"ఏడొందలకి మోత్తన్నాం," అంది తవిటమ్మ.

అతను టీ అడగలేదు.

పదో రోజు పొద్దున్న అసిరినాయుడు మేస్త్రి స్వయంగా ఇంటికి వచ్చాడు. మగవాళ్ళు ఐదుగురు తట్టలు మోయలేక ఇంకో మేస్త్రి దగ్గరికి పోయారు. ఆ రోజు స్లాబు ముహూర్తం, మిల్లరు అప్పటికే వచ్చేసింది. వరసకు మనుషులు లేరు. తవిటమ్మ స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఇద్దరికీ టీ ఇచ్చింది. నేను గుమ్మం పక్కన ఉన్నాను. గవరయ్య నా పక్కనే నిలబడి గ్లాసు అందుకున్నాడు. ముందురోజు రాత్రి అతను భార్యతో ఒకటే అన్నాడు, అద్దె తారీఖు దాటిపోయిందని. ఇప్పుడు ఏమంటాడోనని ఆమె ఒకసారి అతనికేసి చూసింది.

"జరిగిందేదో జరిగిపోనాది తవిటమ్మా," అన్నాడు మేస్త్రి. "నువ్వొస్తే దాలమ్మోల్లూ వత్తారు. పదండి."

"ఎంతిత్తావు?"

"ఏడొందల యాభై. నీకని ఇత్తన్నాను."

"మగోల్లకి అదే తట్ట ఇచ్చి వెయ్యిచ్చినావట."

"అవసరమొచ్చి ఇచ్చినాను."

"ఇప్పుడూ అవసరమే గదా. నేకపోతే మా ఇంటికెందుకొత్తావు?"

మేస్త్రి గ్లాసు పట్టుకున్న చేత్తోనే గాలిలో గీత గీశాడు. "సూడమ్మా, తట్టకి తొమ్మిదంటే రేపు అడ్డాలో ఏ మేస్త్రీ నన్ను మనిసిగా సూడడు. మా మావ కాడ పని నేర్సుకున్ననాటి కట్టుబాటు ఇది. పారకి ఎక్కువ, తట్టకి తక్కువ. ఆడా మగా నాకు నేదు. పార పట్టినోల్లెవరైనా సరే, తొమ్మిదొందలు సేతిలో ఎడతాను. ఎవరైనా సరే! నా నోట రెండు మాటలుండవు." గవరయ్య వైపు తిరిగాడు. "నువ్వైనా సెప్పవేటిరా మీ ఆడదానికి?"

గవరయ్య టీ చివరి గుటక తాగి గ్లాసు గూట్లో పెట్టాడు. తలుపు వెనక నుంచి తన పార తీశాడు. దాని అంచు మీది ఎండిన మట్టిని బొటనవేలితో రాల్చాడు. నడుస్తూ వెళ్ళి ఆ పారను తవిటమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసింది. తర్వాత ఆమె వేళ్ళు కర్ర చుట్టూ బిగుసుకున్నాయి. పార పట్టడం ఎరిగిన చేయి అది.

అతను మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. భుజం మీది తువ్వాలును చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని, నన్ను ఎత్తి దాని మీద పెట్టుకున్నాడు. వీధిలో ఏ మగవాడూ నన్ను అలా మోయలేదు.

"ఏటిరా ఇది?" అన్నాడు మేస్త్రి. టీ గ్లాసు ఇంకా గాలిలోనే ఉంది.

 నేను పై గుమ్మానికి తగలకుండా గవరయ్య మోకాళ్ళు వంచి, ఒక చేత్తో నన్ను పట్టుకుని, ఇంట్లోంచి అడ్డా మీదుగా స్లాబు పని వైపు నడిచి వెళ్ళిపోయాడు.